కల్లుప్పులోని 'కల్లు' తాగే కల్లేనా?

కాదు, కల్లుప్పులో 'కల్లు' అంటే రాయి. తాటికల్లుకు దానితో ఏ సంబంధమూ లేదు.

ఇవి రెండూ పాత ద్రావిడ మాటలే, కానీ వేర్వేరు. తమిళంలో రాయి 'కల్', తాగేది 'కళ్'. కన్నడంలో రాయి 'కల్లు', తాగేది 'కళ్ళు'. మనకు ఈ మాటలో 'ళ' కాస్తా 'ల' అయిపోయి రెండూ ఒకేలా తయారయ్యాయి. పైగా మామూలు మాటల్లో 'రాయి' పాతుకుపోవడంతో, రాయి అనే అర్థంలో 'కల్లు' కొన్ని జంటపదాల్లోనే మిగిలింది. పెళ్లిలో వధువు తొక్కే సన్నికల్లు అలాంటిదే; అది నూరే రాయి.

ఓరుగల్లు చూడండి: ఓరు అంటే ఒకటి, కల్లు అంటే రాయి, సంధిలో 'క' కాస్తా 'గ' అయింది. ఊరి సంస్కృత పేరు ఏకశిలానగరం కూడా అదే చెబుతుంది.

వినడానికి ఒకేలా ఉంటే మూలమూ ఒకటే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. హిందీ 'కల్' (నిన్న, రేపు రెండూ అదే, అదో తిరకాసు) వేకువ అనే అర్థమున్న సంస్కృత 'కల్య' నుంచి వచ్చింది. దానికి రాయితోనూ, తాటిచెట్టుతోనూ చుట్టరికం లేదు.