అంకెల వికటకవి: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే 12345678987654321ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టుకు రమ్మని మా అమ్మాయికి బడిలో ఇచ్చారు. ఎక్సెల్‌లో కొడితే చివరి 321 కాస్తా 300 అయి కూర్చుంటోంది. చేత్తో అయ్యే పనేనా సార్?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అయ్యే పనే. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా మొదటి 15 అంకెలే ఉంచుకుంటుంది. ఇది 17 అంకెలది కాబట్టి చివరి 21 పోయి సున్నలు పడ్డాయి. ముందు అపాస్ట్రఫీ గుర్తు కొడితే అంకెలన్నీ కనిపిస్తాయి గానీ, లెక్కలో వాడగానే మళ్లీ అదే తంతు. దీనికి గళ్ల నోట్‌బుక్కే మేలు.

అందులో 111111111ని దానితోనే గుణించమనండి. తొమ్మిది వరుసలు, ఒక్కోటి ఒక్కో గడి ఎడమకు జరుగుతూ వస్తాయి. నిలువునా కూడితే 1, 2, 3 అంటూ 9 దాకా ఎక్కి మళ్లీ 1కి దిగుతుంది. ఎక్కడా పది రాదు, చేతికి తీసుకునే పని లేదు. వచ్చేది మీ సంఖ్యే. అదే పది ఒకట్లతో చేసి చూడండి: నడిమి నిలువు వరుసలో 10 వస్తుంది, సున్న వేసి చేతికి తీసుకున్న ఒకటి పక్క 9ని కూడా 10 చేస్తుంది. జవాబు 1234567900987654321. వికటకవి అక్కడ చెడింది.

కాబట్టి తొమ్మిది ఒకట్లను విడగొడితే చాలు. 111111111 = 111 × 1001001. ఇందులో 111 = 3 × 37, 1001001 = 3 × 333667. చాలామంది ఆగిపోయేది ఈ 333667 దగ్గరే. దీని వర్గమూలం 577 చిల్లర. అక్కడిదాకా ప్రధాన సంఖ్యలు 106 ఉన్నాయి, అన్నిటితో భాగించి చూడాలంటే ఓపిక కావాలి. అడ్డదారి ఉంది. 999 × 1001001 = 999999999. అంటే 1001001ని భాగించే ఏ ప్రధాన సంఖ్యతో 10⁹ని భాగించినా శేషం 1. వెయ్యికి కూడా శేషం 1 వస్తే 1001001కి శేషం 1+1+1 కావాలి, అది 3కే కుదురుతుంది. అందుకని 3 కాని కారణాంకం ఏదైనా, దానిలోంచి 1 తీసేస్తే 9తో భాగింపబడాలి. కారణాంకం బేసి సంఖ్య కాబట్టి, 1 తీసేశాక మిగిలేది 18తోనూ భాగింపబడుతుంది. అలాంటి ప్రధాన సంఖ్యలు 19, 37, 73, 109... 577 దాకా 17 మాత్రమే. ఏదీ నిశ్శేషంగా పోదు. చివరి 577తో భాగిస్తే 161 మిగులుతుంది. 333667 ప్రధాన సంఖ్యే.

జవాబు 3⁴ × 37² × 333667². పిల్లలు 3²తో ఆపేస్తుంటారు. వర్గం కదా, ఘాతాలన్నీ రెట్టింపు కావాలి. ఒక్కో ఘాతానికి 1 కలిపి గుణిస్తే భాజకాలు 5 × 3 × 3 = 45.

ప్రశ్న: 20 అంకెల పాలిండ్రోమ్ (ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే) ప్రధాన సంఖ్య ఒకటి చెప్పండి.
– ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: లేదమ్మా. అంకెలు సరి సంఖ్యలో ఉంటే ప్రతి అంకె ఒకసారి బేసి స్థానంలో, ఒకసారి సరి స్థానంలో పడుతుంది. రెండు మొత్తాల తేడా సున్న, కనుక 11తో పోతుంది. వాటిలో ప్రధాన సంఖ్య 11 ఒక్కటే. అంకెల లెక్క బేసి అయితే దొరుకుతాయి: 1 వేసి, 13 సున్నలు, 666, మళ్లీ 13 సున్నలు, 1 రాయి. ఈ 31 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్యే. బెల్ఫెగార్ అనే దయ్యం పేరు పెట్టారు దీనికి.