పక్కింటికి కరెంటు అమ్మితే లోను తీరుతుందా?

ప్రశ్న: మాది విజయవాడలో సొంత ఇల్లు. నెలకు 350 యూనిట్ల దాకా కాలుతుంది. సోలార్‌కు 3 కిలోవాట్లయితే 1.8 లక్షలు, 5 అయితే 3 లక్షలు అన్నారు. 5 పెట్టించి, మిగిలిన కరెంటు పక్కింటికి యూనిట్ 6 రూపాయలకు అమ్ముకుంటే పై ఖర్చు ఏడేళ్లలో వచ్చేస్తుందని ఏజెంటు అంటున్నాడు. పక్కింటాయన కూడా సరేనన్నారు. ఆ 1.2 లక్షలకు 9 శాతం వడ్డీకి లోను తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి. 3 కిలోవాట్ల దగ్గర ఆగండి.

కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వేసుకోండి. 3 కిలోవాట్లకు నెలకు 360 వస్తాయి. మీ వాడకానికి చాలు. ఇంటి పైకప్పు సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 కూడా 3 కిలోవాట్లతోనే ఆగిపోతుంది, 5 పెట్టించినా పైసా పెరగదు. అంటే పై రెండు కిలోవాట్ల ఖర్చంతా మీ నెత్తినే.

వాటి మీద వచ్చేది నెలకు 240 యూనిట్లు. ఏజెంటు చెప్పిన రేటుకే అమ్మారనుకుందాం, 1,440 రూపాయలు. ఏడేళ్ల లోనుకు ఈఎంఐ 1,930 దాకా పడుతుంది. పాపం, ఆయన లెక్కలో వడ్డీ మర్చిపోయాడు!

అసలు ఆ అమ్మకమే కుదరదు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు పంపిణీకైనా, వ్యాపారానికైనా లైసెన్స్ ఉండాలి. లక్నో, ఢిల్లీల్లో ఇరుగుపొరుగు సోలార్ కరెంటు అమ్ముకునే ప్రయోగాలు జరిగిన మాట నిజమే. అవి డిస్కంను, అంటే కరెంటు పంపిణీ సంస్థను కలుపుకుని, దాని లైన్ల మీదే, ఎవరు ఎప్పుడు ఎంత పంపారో మీటర్లలో లెక్క చూసుకుంటూ చేసినవి. పిట్టగోడ మీంచి వైరు లాగి చేసినవి కావు. పైగా పక్కింటాయన ఏసీ వేసేది రాత్రి, మీ ప్యానెళ్లు పనిచేసేది పగలు.

కాబట్టి మీ మిగులు, ఇచ్చిందీ తీసుకున్నదీ లెక్కగట్టే నెట్ మీటర్ ద్వారా డిస్కంకే పోతుంది. యూనిట్‌కు 3 రూపాయలు ఇచ్చారనుకున్నా నెలకు 720. మిగతా ఈఎంఐ మీ జీతంలోంచే కట్టాలి. ఇది కాక, 5 కిలోవాట్ల కోసం శాంక్షన్ లోడు (మీ కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు) పెంచాల్సి వస్తే ఫిక్స్‌డ్ చార్జీ కూడా పెరుగుతుంది.

పక్కింటాయనకు డాబా ఖాళీగా ఉంటే ఆయన్ని కూడా 3 కిలోవాట్లు పెట్టించుకోమనండి. కనెక్షన్ వేరు కనుక ఆయనకు ఇంకో 78,000 సబ్సిడీ వస్తుంది. ఇద్దరూ కలిసి బేరమాడండి. 5 కిలోవాట్లు అమ్మబోయిన ఏజెంటుకు 6 కిలోవాట్ల గిరాకీ అంటే రేటు తగ్గించక ఏం చేస్తాడు?

దేశంలో తయారైన సెల్స్ ఉన్న ప్యానెళ్లకే సబ్సిడీ ఇస్తారు, ఆ మాట కొటేషన్‌లో రాయించుకోండి. ప్యానెళ్లు బిగించాక సబ్సిడీ మీ ఖాతాలో పడుతుంది, ముందు మాత్రం 1.8 లక్షలూ మీరే సర్దుకోవాలి.