మూసి ఉంచిన ఇంట్లో పైపుల నీళ్లు ప్రమాదకరమా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు, మధుమేహం ఉంది. మూడు నెలలుగా తాళం వేసి ఉన్న మా ఫ్లాటుకు వచ్చే వారం తిరిగి వెళ్తున్నాం. నిలవ ఉన్న పైపుల నీటిలో హానికరమైన బ్యాక్టీరియా పెరుగుతుందట. నీళ్లు కాచి తాగితే సరిపోతుందా?

జవాబు: కాచి తాగడం మంచి అలవాటే కానీ, ఇక్కడ అది సరిపోదు. మీరు విన్నది బహుశా లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా గురించి అయి ఉంటుంది. ఇది తాగే నీటితో కడుపులోకి వెళ్లి చేసే కీడుకన్నా, షవర్ నుంచి లేచే సన్నని తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి చేరి తెచ్చే న్యుమోనియాయే అసలు ప్రమాదం. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవారిలో ఈ జబ్బు ప్రబలడంతో ఇది వెలుగులోకి వచ్చింది.

25 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య గోరువెచ్చని నీరు కదలకుండా నిలిచిపోతే, అందులోని క్లోరిన్ తరిగిపోయి, పైపు లోపల పట్టిన జిగట పొరలో ఈ బ్యాక్టీరియా వృద్ధి చెందుతుంది. షవర్ హెడ్ విప్పి లోపల వేలితో రాస్తే తగిలే జారుడు అలాంటి పొరే. అయితే అది కనబడినంత మాత్రాన లెజియోనెల్లా ఉన్నట్టు కాదు.

ఇంటికి చేరిన రోజు మీ నాన్నగారిని స్నానాల గదికి దూరంగా ఉంచి, ఆరోగ్యంగా ఉన్నవారెవరైనా కిటికీలు తెరిచి ఈ పని చేయాలి. గీజరును 60 డిగ్రీలకు పెట్టి నీళ్లు పూర్తిగా కాగనివ్వండి. షవర్ హెడ్ తీసేసి, తుంపర లేవకుండా మొదట చన్నీళ్లను, తర్వాత వేణ్నీళ్లను చాలాసేపు వదిలేయండి. బాల్కనీ కుళాయి, టాయిలెట్‌లోని హ్యాండ్ స్ప్రే వంటివాటినే అందరూ మరిచిపోతారు. తీసిన షవర్ హెడ్‌ను తోమి, సున్నపు పెచ్చులు వదిలించాకే బిగించండి.

ఒక్క జాగ్రత్త: మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి నీటి వేడి తెలియదు, 60 డిగ్రీల నీరు క్షణాల్లో చర్మాన్ని కాలుస్తుంది. కనుక బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి, వేణ్నీళ్లు కలిపి, మీరు చేత్తో చూశాకే ఆయనకు ఇవ్వండి.

పైకప్పు ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని తీయించడం, వాడకంలో లేని పైపు ముక్కలను తొలగించడం భవన నిర్వాహకుల పని, గట్టిగా అడగండి.

రెండు వారాల్లోపు ఆయనకు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, మూసి ఉన్న ఇంటి సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. పెన్సిలిన్ తరహా మందులు లెజియోనెల్లాపై పనిచేయవు, అజిత్రోమైసిన్, లెవోఫ్లోక్సాసిన్ వంటివి పనిచేస్తాయి. ఆ ఒక్క మాట వింటే డాక్టరు మూత్ర పరీక్ష, కఫం పరీక్ష రాసి, సరైన మందు మొదటి రోజే మొదలుపెట్టగలుగుతారు.