సంస్థ పెరిగేకొద్దీ పని ఎందుకు చిక్కుపడుతుంది?

మనుషుల సంఖ్య పది రెట్లు పెరిగితే, వాళ్ల మధ్య సంబంధాలు వంద రెట్లు దాటతాయి. 12 మందిలో ఇద్దరిద్దరి జతలు 66, అదే 120 మందిలో 7,140! ఇన్నిటినీ ఒక్క ఆఫీసులో కూర్చుని చూసుకోవడం ఎవరివల్లా కాదు.

మన డ్వాక్రా సంఘాలు ఈ చిక్కును దాటిన తీరు నాకు చాలా ఇష్టం. ఉమ్మడి రాష్ట్రంలో 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్), విడివిడిగా ఉన్న సంఘాలను అంచెలుగా కలిపింది. పది పదిహేను మంది మహిళలతో ఒక సంఘం, ఊళ్లో సంఘాలన్నిటికీ ఒక గ్రామ సమాఖ్య, ఆపైన మండల, జిల్లా సమాఖ్యలు. అప్పు ముందు ఎవరికి ఇవ్వాలో సంఘం మీటింగులోనే తేలుతుంది. ఎవరింట్లో పెళ్లి ఉందో, ఎవరి గేదె చచ్చిపోయిందో హైదరాబాదులో ఉన్న అధికారికి ఎలా తెలుస్తుంది? పై అంచెకు వెళ్లేవి ఎక్కువగా లెక్కలు, కింద తెగని సమస్యలు.

మీ సంస్థలో కూడా కొత్త మేనేజరును పెట్టే ముందు, పైదాకా వస్తున్న ఏ నిర్ణయాన్ని కిందే వదిలేయొచ్చో చూడండి. అధికారం దించేటప్పుడు పద్దులు రాయడం కూడా నేర్పించాలి సుమా. దానికి సమయం, డబ్బు ముందే కేటాయించుకోండి.