బంగారం వెతకడానికి ఏ మెటల్ డిటెక్టర్ కొనాలి?

ఏ డిటెక్టర్ మంచిది, కిలోమీటరు దూరం నుంచే బంగారాన్ని పట్టే లొకేటర్లు నిజంగా పనిచేస్తాయా అని అడిగారు. రెండోదానికి ముందు చెప్తాను. పనిచేయవు. వాటిని అమ్మేవాళ్లు మోసగాళ్లు, అంతే.

పోయినేడు ఉప్పల్‌లో మా బాబాయి ఇంటికి ఒకాయన అలాంటిది తెచ్చాడు. నల్ల బ్రీఫ్‌కేసు, అందులో ఒక పిడి, దానికి రేడియో ఏరియల్ లాంటి రెండు పుల్లలు. బాబాయి అప్పటికే పీఎఫ్ డబ్బులోంచి అడ్వాన్సు తీసి టీపాయ్ మీద పెట్టేశాడు. నేను పిన్ని ఉంగరం అడిగి తీసుకుని, బాల్కనీలో ఐదు పేపర్ కప్పులు బోర్లించి, ఒకదాని కింద పెట్టాను. "ఎందులో ఉందో చూపించండి" అన్నాను. పుల్లలు కాసేపు ఊగి రెండో కప్పు దగ్గర ఆగాయి. ఎత్తితే ఖాళీ. కప్పులు మార్చి పెట్టాను, మళ్లీ ఖాళీ. "ఇది కొత్త బంగారం సార్, ఏళ్ల తరబడి భూమిలో ఉన్నదానికే సిగ్నల్ వస్తుంది" అన్నాడు! బాబాయి మాట్లాడకుండా డబ్బు తీసి జేబులో పెట్టుకున్నాడు.

అసలైన మిషన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేసేటప్పుడు, మైనర్స్ రైట్ (అక్కడ బంగారం వెతకడానికి ఇచ్చే పర్మిట్) తీసుకుని శనాదివారాలు బంగారానికి పేరున్న బెండిగో వైపు వెళ్లేవాణ్ని. కాయిల్‌ను (మిషన్ కింద పళ్లెంలా ఉండే భాగం) నేలకు ఆనీ ఆననట్టు, నెమ్మదిగా తిప్పాలి. బియ్యపుగింజంత ముక్క జానెడు లోతులో ఉంటే పట్టడం గగనం. చిన్న ముక్కలకు వీఎల్ఎఫ్ (ఆపకుండా తరంగాలు పంపే మామూలు రకం డిటెక్టర్) కావాలి, అందులోనూ ఎక్కువ ఫ్రీక్వెన్సీది. ఫిషర్ గోల్డ్ బగ్ 2 అయితే 71 కిలోహెర్ట్జ్, మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 అయితే 45. ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టిలో వీఎల్ఎఫ్ ఊరికే మోగుతుంది. అక్కడ పల్స్ ఇండక్షన్ (ఆగి ఆగి కరెంటు పల్సులు పంపే రకం) నయం, కానీ ఖరీదెక్కువ, పైగా తుప్పుపట్టిన మేకులన్నీ తవ్విస్తుంది. మొదటిసారి కొనేవాళ్లకు నా ఓటు గోల్డ్ మాన్‌స్టర్‌కే, గ్రౌండ్ బ్యాలెన్స్ (మట్టిలోని ఖనిజాలకు మోగకుండా సర్దుకోవడం) అదే చూసుకుంటుంది. కొనేముందు అర గ్రాము ముక్కను ఎర్రమట్టిలో పాతి చూపించమనండి.

ఇంతకీ ఇక్కడ ఎక్కడ వెతుకుతారు? 1980లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 27 కిలోల 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' ముద్ద డిటెక్టర్‌తోనే దొరికింది, నిజమే. ఆ వీడియోలు చూసే మనవాళ్లు ఆవేశపడుతున్నారు. అది ముద్దలు దొరికే నేల. మన దగ్గర కర్ణాటకలోని హట్టి, కర్నూలు జిల్లాలోని జొన్నగిరి గనుల్లో బంగారం రాయిలో సన్నటి రేణువులుగా ఉంటుంది, టన్ను రాయి నూరితే కొన్ని గ్రాములు. దాన్ని ఏ డిటెక్టరూ పట్టలేదు. లైసెన్సు లేకుండా తవ్వడం నేరం కూడా.

అందుకే ఇక్కడ ఈ మిషన్లు కొన్నవాళ్లలో చాలామంది పాత గుళ్ల మీద పడుతున్నారు. మా ఊరి దగ్గర శివాలయంలో నందిని పక్కకు దొర్లించి, కింద నడుంలోతు గొయ్యి తీసి వదిలేశారు. చూస్తే కడుపు మండిపోయింది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టర్‌కు చెప్పాల్సిందే. మీ ఆలోచన కూడా గుప్తనిధుల గురించే అయితే, దయచేసి ఏ మిషనూ కొనకండి.