టెలిస్కోపు కోసం క్రెడిట్ కార్డు గీకకండి

ప్రశ్న: నా వయసు 29. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు చేతికి వచ్చే 42,000లో ఇంటి ఖర్చు 31,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పెట్టుబడి) 4,000 పోగా 7,000 మిగులుతాయి. బ్యాంకులో 40,000 ఉన్నాయి. అమ్మానాన్నలు నాతోనే ఉంటారు. ఈమధ్య ఆకాశ పరిశీలన మీద ఆసక్తి పుట్టింది. గ్రహాలను తానే వెతికిపెట్టే కంప్యూటర్ టెలిస్కోపు 90,000 ఉంది. క్రెడిట్ కార్డు మీద 18 నెలల వాయిదాల్లో కొనవచ్చా?

జవాబు: వద్దు. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. ఒకరిది కెమెరా, ఇంకొకరిది బైకు. అందరూ వాయిదా కట్టగలమా అనే లెక్కే వేసుకుంటారు. జీతం ఆగితే ఏమిటన్నది ఎవరికీ పట్టదు.

16 శాతం వడ్డీ అనుకున్నా వాయిదా సుమారు 5,650 అవుతుంది. మొత్తం వడ్డీ 11,800 దాకా పోతుంది, దాని మీద జీఎస్టీ అదనం. ఇక నెలకు మీకు మిగిలేది 1,350. ఉద్యోగం పోతే బ్యాంకులోని 40,000తో నలభై రోజులు కూడా గడవవు. అప్పుడు కార్డు బిల్లు ఆగితే వడ్డీ నెలకు 3 శాతం పైమాటే. పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ సాహసం ఎందుకండీ?

మీకు కావలసిన అత్యవసర నిధి ఆరు నెలల ఖర్చు, అంటే 1,86,000. బ్యాంకులో ఉన్న 40,000కు ఆ 7,000 నెలనెలా కలుపుతూ పోతే మూడు నెలల ఖర్చు ఎనిమిది నెలల్లో సమకూరుతుంది. మిగతాది మరో ఏడాదికి కాస్త అటూఇటూగా పూర్తవుతుంది. అది నిండేదాకా టెలిస్కోపు ఊసు వద్దు. సిప్ ఆపకండి.

అంతవరకు ఆకాశం చూడవద్దని కాదు. ఒక్క నెల మిగులుతో 10x50 బైనాక్యులర్ (పది రెట్లు పెద్దదిగా చూపేది, ముందు కటకాల వెడల్పు 50 మిల్లీమీటర్లు) కొనుక్కోండి. చంద్రుడి మీది గుంతలు, గురుడి నాలుగు పెద్ద ఉపగ్రహాలు, కృత్తికలు, ఊరి వెలుగులకు దూరంగా వెళితే ఆండ్రోమెడా గెలాక్సీ అందులోనే కనిపిస్తాయి. శని వలయాలకు మాత్రం టెలిస్కోపే కావాలి. నిధి నిండాక ఆరు అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్‌ను, అంటే చేత్తో తిప్పుకునే సాదా పీఠం మీది టెలిస్కోపును, నగదుకు తీసుకోండి. కంప్యూటర్ రకాల్లో మీ డబ్బులో పెద్ద వాటా మోటార్లకే పోతుంది. కాంతిని పోగుచేసేది అద్దం వెడల్పు, మోటారు కాదు. 60 మిల్లీమీటర్ల కటకానికి 500 రెట్లు అని పెట్టె మీద రాసి అమ్మేవాటి జోలికి అసలు పోకండి, దానికి 120 రెట్లు దాటితే బొమ్మ మసకే.

అమ్మానాన్నల ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. వాళ్ల వయసు, ఉన్న జబ్బులు, పాలసీ ఏదైనా ఉంటే దాని బీమా మొత్తం ఎంతో వెంటనే తెలియజేయండి.