టెక్ సందేహాలు: తాళం యాప్‌కు మీ మెసేజీలతో పనేమిటి?

ప్రశ్న: మా అబ్బాయి మృదంగం నేర్చుకుంటున్నాడు. వాయించింది విని మార్కులు వేసే యాప్ ఒకటి ఫోనులో పెట్టాం. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాయిస్తే ప్రతి దెబ్బా ఆలస్యమైందని ఎర్రగా చూపిస్తోంది. గురువుగారేమో లయ బాగుందంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

గురువుగారి మాటే నమ్మండి. ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది కనుక కాస్త వివరంగా చెబుతాను. బ్లూటూత్‌లో వెళ్లే శబ్దం చెవిని చేరేసరికి సాధారణంగా 100 నుంచి 300 మిల్లీసెకన్ల ఆలస్యం అవుతుంది. మీ అబ్బాయి ఇయర్‌ఫోన్లలో తాను విన్న తాళపు టిక్కుతో సరిగ్గానే కలుస్తున్నాడు. యాప్ మాత్రం తాను టిక్కు పంపిన క్షణంతో పోల్చి తప్పు పడుతోంది. నిమిషానికి 60 అక్షరాల (తాళంలోని లెక్కల) వేగంలో, ఒక్కో అక్షరాన్ని నాలుగు మాత్రలుగా విడదీసే చతురశ్ర గతిలో ఒక్కో మాత్రకు దక్కేది 250 మిల్లీసెకన్లే. ఆలస్యం 200 అయితే, ‘తకధిమి’లో ‘త’ మీద పడిన దెబ్బ ‘క’ దగ్గర పడినట్టు యాప్ లెక్క కడుతుంది.

ప్రతి దెబ్బా ఒకే మేర వెనకబడి, వేగం మార్చినా ఆ తేడా మారకపోతే దోషం పరికరానిది. ఒక దెబ్బ ముందు, మరొకటి వెనక పడుతుంటే సాధన చాలలేదని అర్థం. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు పెట్టించండి, ఎరుపు పోతుంది.

ఇందులో నాకు కోపం తెప్పించే విషయం వేరే ఉంది. శబ్దం బ్లూటూత్ గుండా వెళుతోందో లేదో యాప్ తెలుసుకోగలదు. ఆలస్యాన్ని కొలిచి సర్దుబాటు చేసుకునే ఏర్పాటు పెట్టడం పెద్ద పనేమీ కాదు. అది చేయకుండా పిల్లలకు తప్పుడు మార్కులు వేయడం నిర్లక్ష్యం. లయ కుదిరిన పిల్లవాడు కూడా ఆ ఎరుపును పోగొట్టాలని టిక్కుకంటే ముందే కొట్టడం మొదలుపెడతాడు. ఆ అలవాటును మాన్పించాల్సిన కష్టం చివరికి గురువు మీద పడుతుంది.

ప్రశ్న: ఆది తాళాన్ని తిశ్రంలో సాధన చేయమన్నారు. యాప్‌లో ‘తిశ్ర’ ఎంచుకుంటే 8కి బదులు 7 లెక్కే వస్తోంది. యాప్ చెడిపోయిందా?

యాప్ బాగానే ఉంది. గురువుగారు చెప్పింది తిశ్ర గతి, మీరు మార్చింది జాతి. జాతి మారితే లఘువు (తాళంలో దెబ్బ వేసి వేళ్లు లెక్కపెట్టే భాగం) కొలత మారుతుంది. ఆది అంటే చతురశ్ర జాతి త్రిపుట, 4+2+2; మొదటి అంకె లఘువుది. తిశ్ర జాతిలో అది 3+2+2 అయి, ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, 7 అక్షరాలకు తగ్గుతుంది. గతి మార్చితే 8 అక్షరాలూ అలాగే ఉండి, ఒక్కోదానిలో 3 మాత్రలు వస్తాయి, మొత్తం 24. ఏది ఎంచుకుంటున్నారో చూడకుండా నొక్కి యాప్‌ను తిట్టడం న్యాయం కాదు. అయితే ఈ రెండింటినీ ఒకే పట్టికలో వరసగా పెట్టిన రూపకర్తలకూ ఇందులో వాటా ఉంది. 7 లెక్కల మిశ్ర చాపు తాళాన్ని 3+2+2గా విడదీయకుండా, మొదటి దెబ్బ ఒక్కటే గట్టిగా కొట్టి మిగతా ఆరింటినీ ఒకేలా మోగించే మెట్రోనోమ్‌లు (లయకు టిక్కులు మోగించే సాధనాలు) మరీ దండగ. అందులో చాపు నడక ఎక్కడా వినిపించదు.

ప్రశ్న: మా సంగీతం వాట్సాప్ గ్రూపులో 35 తాళాలున్న ‘పూర్తి వెర్షన్’ ఏపీకే ఫైలు (యాప్ స్టోరుతో పనిలేకుండా నేరుగా ఫోనులో వేసుకునే యాప్ ఫైలు) పంపారు. ఇన్‌స్టాల్ చేస్తే మెసేజీలకు, యాక్సెసిబిలిటీకి అనుమతి అడుగుతోంది. ఇవ్వవచ్చా?

వద్దు. ఈ ప్రశ్నే నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతోంది. తాళం వేసే యాప్ చేయాల్సింది కాలాన్ని కొలిచి శబ్దం చేయడం ఒక్కటే. దానికి మైకు కూడా అక్కర్లేదు. వాయించింది విని మార్కులు వేసేదానికో, శ్రుతి చూసేదానికో మాత్రమే మైకు కావాలి. మెసేజీలు చదివే అనుమతి ఇస్తే బ్యాంకు పంపే ఓటీపీ దాని చేతికి వెళుతుంది. యాక్సెసిబిలిటీ ఇంకా ప్రమాదం. చూపు సరిగా లేనివారికి తెర మీది అక్షరాలు చదివి వినిపించడం వంటి పనుల కోసం పెట్టిన సదుపాయం అది. దొంగ యాప్‌కు దొరికితే మీరు చూసేదంతా చూస్తుంది, మీ బదులు తానే మీటలు నొక్కుతుంది. ఫైలు పంపినవారు మంచివారే కావచ్చు. వారికి పంపినదెవరో, ఆ ఫైలులో ఏమి చేర్చారో వారికీ తెలియదు.

అనుమతి ఇప్పటికే ఇచ్చి ఉంటే వెంటనే ఇంటర్నెట్ ఆపి, యాక్సెసిబిలిటీ అనుమతిని తొలగించి, యాప్‌ను తీసేయండి. బ్యాంకు పాస్‌వర్డులు మరో ఫోను నుంచి మార్చండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా బ్యాంకుకు, 1930 నంబరుకు ఫోన్ చేయండి.

ఆ 35 తాళాలైనా దాచిపెట్టిన నిధి కాదు. ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక తాళాలను ఐదు జాతులతో హెచ్చవేస్తే వచ్చే లెక్క అది. ఏ దెబ్బ గట్టిగా పడాలో మనమే పెట్టుకోగల ఉచిత మెట్రోనోమ్‌లో ఎక్కువభాగం అమర్చుకోవచ్చు.

1815లో పేటెంటు పొందిన మెట్రోనోమ్‌కు స్ప్రింగు బిగిస్తే చాలు, పనిచేసేది. ఈనాటి యాప్‌లు అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ లాగిన్ అడుగుతున్నాయి, నెలనెలా చందా అడుగుతున్నాయి, సాధన మధ్యలో వీడియో ప్రకటన మోగిస్తున్నాయి. ఆవర్తనం సగంలో ప్రకటన దూరితే సాధన చెడుతుందని వీటిని తయారుచేసేవారికి పట్టదా? కొనేముందు ఫోనును విమానం మోడ్‌లో పెట్టి యాప్ తెరవండి. ఇంటర్నెట్ లేకుండా ఎనిమిది అక్షరాలు లెక్కపెట్టలేకపోతే దాన్ని అక్కడే తీసేయండి.